బరువు తగ్గే ఆపరేషన్ – బరువు మోసే పని



ఊబకాయానికి చేసే ఆపరేషన్ కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసేవారికి సంబంధించిన విషయమని మనలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. హాస్టలులో రెండు వందల మందికి వండే వంటమనిషి, రోగులను లేపి పడుకోబెట్టే ఆయా, తాపీమేస్త్రి, లారీ డ్రైవరు, యార్డులో బస్తాలెత్తే హమాలీ – వీరిలోనూ ఊబకాయం ఉంది. దాని వెంట వచ్చే షుగరు, బి.పి., మోకాళ్ళ నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కూడా ఉన్నాయి. ఒళ్ళు వంచి పని చేసేవాడికి ఒళ్ళు రాదనేది పాతకాలపు మాట. ఆపరేషన్ ఎవరికి అవసరం, ఏ రకం ఆపరేషన్ మంచిది అనేది సర్జన్, రోగి కూర్చుని తేల్చుకోవలసినది. ఈసారి మేము రాయదలచింది ఆ తరువాతి సంగతి: పొట్ట కోసుకున్న మనిషి మళ్ళీ బస్తా ఎప్పుడు ఎత్తాలి?

ఈ ప్రశ్నకు మన ఇళ్ళలో రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. "కుట్లు మానాయిగా, ఇంకేం, పనిలోకి రా" అనేది ఒకటి. "నీకిక బరువు పని వద్దు, ఏ చిన్న కొట్టో పెట్టుకుని కూర్చో" అనేది రెండోది. మా ఉద్దేశంలో రెండూ తప్పే. మొదటిది మనిషికి హాని చేస్తుంది. రెండోది కుటుంబాన్ని అప్పుల్లోకి నెడుతుంది, పైగా వైద్యపరంగా అవసరం లేనిది. కష్టపడి పని చేసే మనిషి ఈ ఆపరేషన్ తరువాత మళ్ళీ ఆ పనికే వెళ్ళవచ్చు, వెళ్ళడమే మంచిది. శరీర శ్రమ వల్ల కండ నిలుస్తుంది, తగ్గిన బరువు తిరిగి రాకుండా ఉంటుంది. అయితే ఆ వెళ్ళడం మెట్టు మెట్టుగా జరగాలి. ఆ మెట్లు ఆపరేషన్‌కు ముందే అనుకుని ఉండాలి.

కుట్ల సంగతితో మొదలుపెడదాం. ఇప్పుడు ఈ ఆపరేషన్లు ఎక్కువగా ల్యాప్రోస్కోపీ పద్ధతిలో, పొట్ట మీద ఐదారు చిన్న రంధ్రాలు పెట్టి చేస్తున్నారు. పది రోజులకు పైన చర్మం మాని, అక్కడ ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. దానితోనే మోసం వస్తుంది. చర్మం కింద పొట్ట గోడలో గట్టి పొర ఒకటి ఉంటుంది. బరువెత్తేటప్పుడు ఒత్తిడినంతా ఆపేది అదే. అది చర్మం మానినంత త్వరగా మానదు. వైద్య పుస్తకాల లెక్క ప్రకారం మూడు వారాలకు గాయానికి పూర్వపు బలంలో పావు వంతు, మహా అయితే మూడో వంతు తిరిగి వస్తుంది. సుమారు 80 శాతం బలం రావడానికి మూడు నెలలు పడుతుంది. హమాలీ ఊపిరి బిగబట్టి 50 కిలోల సిమెంటు బస్తాను వీపు మీదికి తీసుకున్నప్పుడు ఆ ఒత్తిడి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడికి పోతుంది. స్లీవ్ ఆపరేషన్‌లో కోసిన పొట్ట ముక్కను బయటికి తీయడానికి ఒక రంధ్రాన్ని కాస్త పెద్దది చేస్తారు. హెర్నియా వస్తే తరచు అక్కడే వస్తుంది. అప్పుడు మళ్ళీ ఆపరేషన్, మళ్ళీ పని మానడం.

గుంటూరు మిర్చి యార్డు లాంటి చోట పని చేసేవారికి ఇంకొక ఇబ్బంది ఉంది. మిర్చి ఘాటుకు దగ్గు ఆగదు. ఒక్కో దగ్గుకు పొట్ట గోడ లోపలినుంచి తన్నుకుంటుంది. అలవాటు పడినవారికి అది లెక్కలోకి రాదు గాని, లోపలి గాయానికి వస్తుంది. అలాంటి చోటికి మొదటి నెలలో 'ఊరికే చూసి వద్దాం' అని కూడా పోవద్దంటాము.

సాధారణంగా డాక్టర్లు చెప్పేది ఇది. ల్యాప్రోస్కోపీ అయితే కూర్చుని చేసే పనికి రెండు మూడు వారాలు చాలు. నిలబడి, తిరిగి చేసే పనికి నాలుగు వారాలు కావాలి. బరువులెత్తే పనికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి, ఆ తరువాత కూడా తక్కువ బరువుతోనే మొదలుపెట్టాలి. పొట్ట పెద్దగా కోసి చేసినవారికి మూడు నెలలు పట్టవచ్చు. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు ఐదు కిలోలకు మించి ఎత్తవద్దంటారు. మీ సర్జన్ ఇంకా ఎక్కువ కాలం చెబితే ఆయన మాటే వినండి.

ఐదు కిలోలంటే ఎంతో ఇంట్లో ఒకసారి చూసుకోవాలి. నిండు బిందె అంతకు రెండు మూడింతలు ఉంటుంది. ఫిల్టరు నీళ్ళ క్యాను 20 లీటర్లు, అంటే 20 కిలోలు. వంట గ్యాసు సిలిండరు నిండుగా ఉంటే సుమారు 30 కిలోలు. రెండేళ్ళ బిడ్డ పది కిలోలు దాటి ఉంటుంది. స్త్రీల విషయంలో ఇది మరీ గట్టిగా చెప్పాలి. "డ్యూటీకి సెలవు పెట్టానమ్మా, ఇంట్లోనే ఉన్నాను" అంటారు. ఇంట్లో ఉండి పది బిందెలు మోస్తే అది సెలవా? భర్తలు, అత్తమామలు, ఎదిగిన పిల్లలు ఈ రెండు నెలలు నీళ్ళు, సిలిండరు, తడి బట్టల బకెట్టు తమ పనిగా పెట్టుకోవాలి.

ఇక తిండి. స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టలో ముప్పావు వంతు పైగా తీసేస్తారు. బైపాస్‌లో అయితే గుడ్డంత చిన్న సంచి మాత్రం మిగిల్చి దానిని చిన్న ప్రేగుకు కలుపుతారు. మొదటి రెండు వారాలు ద్రవాలే. తరువాత మెత్తగా చిదిమినవి, ఆపైన మెత్తటి అన్నం. మామూలు భోజనానికి రావడానికి ఇంచుమించు రెండు నెలలు పడుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కలో బరువు పని చేసే పురుషుడికి రోజుకు సుమారు 3,470 కాలరీలు, స్త్రీకి 2,720 కాలరీలు కావాలి. ఆపరేషన్ అయిన మూడో వారంలో మనిషి తినగలిగేది అందులో నాలుగో వంతు కూడా ఉండదు. మిగిలినది ఒంటి కొవ్వులోనుంచి తీసుకుంటుంది కదా, ఆపరేషన్ చేసింది అందుకే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కాని శరీరం కొవ్వుతో పాటు కండను కూడా కరిగించుకుంటుంది. మూడు నెలలకు 20 కిలోలు తగ్గి, ఒళ్ళు తేలికై, "ఇప్పుడు రెండు బస్తాలైనా ఎత్తుతాను" అని హుషారుగా చెప్పేవారున్నారు. ఆ తగ్గిన 20 కిలోలలో కొంత బస్తా ఎత్తే కండ కూడా ఉందని వారు గమనించరు.

అందుకే మాంసకృత్తులు. రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే, వండిన కోడిమాంసం వంద గ్రాములలో సుమారు 25, చేపలో దాదాపు 20 ఉంటాయి. వంద గ్రాముల అన్నంలో మూడు గ్రాములు కూడా ఉండవు. మన భోజనంలో అన్నం రాశిగా పోసి కూర అంచుకు వేసుకుంటాము. ఈ ఆపరేషన్ అయినవారు దానిని తిరగెయ్యాలి. ముందు గుడ్డో, చేపో, పప్పో తిని, చోటు మిగిలితే రెండు ముద్దలు అన్నం. పనిలోకి వెళ్ళేవారికి ఒక్క క్యారియరు చాలదు. రెండు మూడు గంటలకొకసారి తినడానికి చిన్న డబ్బాలు మూడు నాలుగు కావాలి. అది తినడానికి పావుగంట విరామం కూడా కావాలి, ఎందుకంటే గబగబా మింగితే వాంతి అవుతుంది. ఈ పావుగంట ఇవ్వని యజమాని దగ్గర ఈ మనిషి నిలబడలేడు.

అన్నింటికంటె మేము భయపడేది నీళ్ళ విషయం. మామూలుగా ఎండలో పని చేసే మనిషి నీడకు వచ్చి ఒక చెంబు నీళ్ళు గటగటా తాగి వెళ్తాడు. ఆపరేషన్ అయిన మనిషికి అది కుదరదు. చిన్న చిన్న గుక్కలుగా, పది నిమిషాలకు అర గ్లాసు చొప్పున తాగాలి. భోజనంతో పాటు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. రోజుకు లీటరున్నర తగ్గకూడదు. ఇది నీడపట్టున ఉన్నవారి లెక్క. పల్నాటి ఎండలో, రామగుండం ఎండలో, 43, 44 డిగ్రీల వేడిలో బరువు మోసేవాడికి గంటకు లీటరు చెమట పోవచ్చు. ఆ చిన్న పొట్టతో గంటకు లీటరు నీళ్ళు తాగడం మొదటి నెలల్లో అయ్యే పని కాదు. అందుచేత ఆపరేషన్ తరువాత మొదటి వేసవిలో మధ్యాహ్నపు ఎండలో బరువు పని వద్దని మేము ఖండితంగా చెబుతాము. దాహానికి చెరకురసం, కూల్‌డ్రింకులు తీసుకుంటే, ముఖ్యంగా బైపాస్ అయినవారికి, కాసేపటికే గుండెదడ, చెమటలు, కళ్ళు తిరగడం వస్తాయి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ సీసా నడుముకు కట్టుకుని గుక్క గుక్కగా తాగడం మేలు.

దీనినిబట్టి ఆపరేషన్ ఏ నెలలో చేయించుకోవాలి అనేది చిన్న విషయం కాదని తెలుస్తుంది. హాస్టలు వంటమనిషికి ఏప్రిల్ చివర సెలవులు మొదలై జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఏడు వారాలు ఉచితంగా దొరికినట్టే. మిర్చి యార్డులో రద్దీ ఫిబ్రవరి నుంచి మే వరకు. ఆ తరువాత యార్డుకు వేసవి సెలవులిస్తారు. ఆ సెలవుల మొదట్లో చేయించుకున్నవాడికి వానలు పడ్డాక పని దొరుకుతుంది. జనవరిలో చేయించుకుని మార్చిలో పనికి వెళ్ళేవాడు సీజను మధ్యలో, ముదిరే ఎండలో, అరకొర బలంతో పడతాడు. ఆసుపత్రిలో మంచం ఖాళీగా ఉందని తేదీ ఖాయం చేసుకోకండి. ప్రాణం మీదికి వచ్చినవారి సంగతి వేరు.

మందుల గురించి రెండు మాటలు. ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే చాలామందికి షుగరు తగ్గిపోతుంది. పాత మోతాదులోనే మాత్రలు, ఇన్సులిన్ వాడుతూ బరువు పనికి వెళ్తే షుగరు పడిపోయి పరంజా మీదనుంచి, లారీ మీదనుంచి పడే ప్రమాదముంది. బి.పి. మాత్రలు కూడా అంతే, ముఖ్యంగా నీరు తీసే రకం. పనికి వెళ్ళే ముందు వారంలో ఈ మోతాదులు తప్పక చూపించుకోవాలి. రెండోది నొప్పి మాత్రలు. సాయంత్రం ఒళ్ళు నొప్పులకు మెడికల్ షాపులో "రెండు నొప్పి బిళ్ళలివ్వు" అని కొనుక్కోవడం మన శ్రమజీవులకు టీ తాగినంత అలవాటు. వాటిలో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి బైపాస్ అయినవారికి ప్రేగు అతికించిన చోట పుండు పుట్టిస్తాయి. రక్తం కారవచ్చు, రంధ్రం పడవచ్చు. స్లీవ్ అయినవారు కూడా సర్జన్‌ను అడగకుండా వాడకూడదు. పారాసిటమాల్ వేసుకోవచ్చు, అదీ చెప్పిన మోతాదులో. బీడీ, ఖైనీ, గుట్కా కూడా ఆ పుండుకు దారి తీసేవే. మందు సంగతి మళ్ళీ చెప్పనక్కరలేదు గాని ఒక్కటి తెలుసుకోవాలి: బైపాస్ తరువాత సారా, బ్రాందీ మునుపటికన్నా త్వరగా, ఎక్కువగా తలకెక్కుతాయి. లారీ తోలేవారు ఇది మరువకూడదు.

విటమిను మాత్రలు జీవితాంతం వాడాలి. బి12, ఐరన్ తగ్గితే ఆయాసం, నీరసం వచ్చి, పని వల్లనేమో అనుకుని ఊరుకుంటారు. ఇంకొకటి మన కోస్తావారికి ప్రత్యేకంగా చెప్పవలసినది. పాలిష్ పట్టిన బియ్యం తినే సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి ఉండేది, బి1 విటమిను లేక వచ్చే జబ్బు. ఆపరేషన్ తరువాత రోజుల తరబడి వాంతులవుతున్న మనిషికి ఆ బి1 లోపమే వేగంగా రావచ్చు. నడక తూలుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మాట తడబడుతుంది. తాగి వచ్చాడని మేస్త్రి కసురుకుంటాడు. అది తాగుడు కాదు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకురావాలి.

ఇంతవరకు చెప్పినవన్నీ రోగి ఒక్కడి చేతిలో లేవు. ముఠాలో పని చేసేవారి సంగతి చూడండి. ముఠా కూలి అందరూ కలిసి పంచుకునేది. ఒకడు ఎత్తకపోతే మిగిలినవారి మీద బరువు పడుతుంది, వాటా మాత్రం సమానం. రెండు నెలలు రాకపోతే అతని చోట ఇంకొకడు చేరుతాడు. అందుకే మూడో వారంలోనే నడుముకు బెల్టు బిగించి వెళ్ళేవారు ఉంటారు. వారిని మందలించడం తేలిక. పూట గడవాలి కదా! బెల్టు పొట్టకు ఆసరా ఇస్తుంది, నిజమే, కాని లోపలి పొరకు బలం ఇవ్వదు. లేని ధైర్యం మాత్రం ఇస్తుంది.

కాబట్టి మాట్లాడవలసినది ముఠా మేస్త్రితో, యజమానితో. ఎక్కడైనా బరువు ఎత్తని పని కొంత ఉంటుంది. కాటా దగ్గర లెక్క రాయడం, బస్తాల మూతులు కుట్టడం, హాస్టలులో కూరగాయలు తరగడం, వడ్డన, ఆసుపత్రిలో మందుల గది పని – ఒక నెల ఇవి ఇవ్వగలిగితే మనిషి కూలి పోదు, పనివాడూ పోడు. ముఠాలో ఆ నెల సగం వాటా తీసుకుంటానని ముందే ఒప్పుకుంటే గొడవ ఉండదు. ఇలాంటి ఏర్పాటు దానధర్మం కాదని యజమానులుగా ఉన్న మన సంఘస్థులకు మనవి చేస్తున్నాము. మన సంఘాల్లో రైసు మిల్లులు, కాంట్రాక్టు పనులు, బడులు నడిపేవారు ఉన్నారు. ఆదివారం పక్కన కూర్చునేవాడు సోమవారం వారి దగ్గర బస్తా ఎత్తుతున్నాడు.

ఈఎస్ఐ ఉన్నవారు ఆపరేషన్‌కు ముందే తమ డిస్పెన్సరీలో అడగాలి. అర్హత ఉన్నవారికి డాక్టరు సర్టిఫికెట్ మీద కూలిలో 70 శాతం చొప్పున, ఏడాదిలో 91 రోజుల వరకు అనారోగ్య భత్యం ఇచ్చే ఏర్పాటు ఉంది. ఈఎస్ఐ లేనివారే మనలో ఎక్కువ. వారు ఆపరేషన్ ఖర్చుతో పాటు రెండు నెలల ఇంటి ఖర్చును కూడా లెక్క కట్టాలి. ఆ డబ్బు ఇంకా చేతిలో లేకపోతే, తొందరపెట్టే జబ్బేమీ లేకపోతే, నాలుగు నెలలు ఆగి పోగుచేసుకుని రమ్మని మేము సలహా ఇస్తాము. ఆగినందువల్ల కలిగే నష్టం కన్నా మూడో వారంలో బస్తా ఎత్తినందువల్ల కలిగే నష్టం ఎక్కువ.

సంఘ కుటుంబాలు చేయగలిగినది కూడా ఉంది. పరామర్శకు వచ్చేవారు బిర్యానీ, స్వీట్లు తెస్తారు, "ఒక్క ముద్దే కదా" అని బలవంతం చేస్తారు. వాటి బదులు డజను గుడ్లు తెస్తే మేలు. స్త్రీల సమాజం వారు ప్రార్థన చేసి వెళ్ళేటప్పుడు నాలుగు బిందెల నీళ్ళు పట్టి వెళ్తే ఇంకా మేలు. శ్రమకాలంలో ఉపవాసం ఉంటూ పనికి వెళ్తామని కొందరు పట్టుపడతారు. మొదటి ఏడాది వీరికి ఆహారం, నీళ్ళు మానే ఉపవాసం ప్రమాదం. పాస్టరుగారు స్వయంగా పిలిచి వద్దని చెబితే మా మాటకన్నా బాగా వింటారు.

పనిలో ఉండగా కడుపులో ఉన్నట్టుండి మెలిపెట్టినట్టు నొప్పి, ఆగని వాంతులు, నల్లటి విరేచనం, కాలు ఒకటే వాచడం, అకస్మాత్తుగా ఆయాసం, కూర్చున్నా తగ్గని గుండెదడ, కుట్టిన చోట ఉబ్బెత్తుగా ముద్ద – ఇందులో ఏది వచ్చినా బస్తా అక్కడే దించి బయలుదేరాలి. బైపాస్ అయినవారిలో ప్రేగు లోపల చిక్కుకునే ప్రమాదం ఏళ్ళు గడిచాక కూడా ఉంటుంది, కాబట్టి 'ఎప్పుడో అయిన ఆపరేషన్ కదా' అనుకోవద్దు. మీకు ఏ ఆపరేషన్ అయిందో, ఏ తేదీన అయిందో, ఏ మాత్రలు పడవో తెలుగులో ఒక చీటీ రాయించుకుని జేబులో పెట్టుకోండి. పక్కనున్న తోటి పనివాడికి అది ఎక్కడుందో చెప్పి ఉంచండి.

ఆపరేషన్ గురించి మాట్లాడటానికి వచ్చేటప్పుడు భార్యాభర్తలిద్దరూ రండి. వీలైతే మీ మేస్త్రిగారినో, సూపర్‌వైజరు గారినో కూడా వెంటబెట్టుకు రండి. మీరు రోజుకు ఎన్ని కిలోలు, ఎన్నిసార్లు, ఎంత ఎత్తుకు ఎత్తుతారో ఒక కాగితం మీద రాసుకుని తెండి. డాక్టరుగారు మీ రిపోర్టులతో పాటు ఆ కాగితాన్నీ చూస్తే, మీరు పనిలోకి వెళ్ళవలసిన తేదీ సరిగ్గా చెప్పగలుగుతారు.